బొటనవేలంత దారి

బ్లైనైలో వాన పడని రోజంటే
రేపు పడుతుందని అర్థం.
ఆ వానలోనే చాపెల్ కింది ఎత్తులో
పాస్టర్ ప్రోబర్ట్ గారి కారు మళ్ళీ ఆగింది.
ఇది మూడో ఆదివారం.
దేవుడి వాక్యం కాలినడకన ఎక్కింది.

మా అన్న ఇద్వల్ రెక్సమ్ పాత ఇనుప సామాన్ల కొట్లో
ఏడు షిల్లింగులు పోసి
ఒక లారీ కార్బురేటర్ తెచ్చాడు.
ఇత్తడిది. పసిబిడ్డ తలంత.
"నోరు పెద్దదైతే తిండి పెద్దది,
తిండి పెద్దదైతే బలం" అన్నాడు.
మధ్యలో ఒక పలక బిగించి
హ్యాండిల్ తిప్పమన్నాడు నన్ను.

తిప్పాను. తుమ్మింది.
జెట్ పెద్దది చేశాడు.
తిప్పాను. నల్లగా దగ్గింది.
రోడ్డెక్కాక, మెల్లగా పోతే తడబడుతుంది,
గట్టిగా తొక్కితే గుటక మింగి ఆలోచిస్తుంది,
ఎత్తులో పాత చోటే, పాత రాయి దగ్గరే
చతికిలబడుతుంది.
పెట్రోలు మాత్రం పెళ్ళివారిలా తాగింది.

నాకు తెలిసింది ఇంతే:
సన్నటి నడుములోంచి గాలి పరిగెత్తాలి.
అప్పుడే పెట్రోలు దాని కొంగు పట్టుకుని లేస్తుంది.
షికారుకొచ్చినట్టు నడిచే గాలి వెంట
అది రాదు, గిన్నెలోనే కూర్చుంటుంది.

రాత్రి లాంతరు పెట్టుకుని మానిఫోల్డ్ విప్పాను.
బయట చూస్తే లావుపాటి గొట్టం.
లోపల బొటనవేలు పెట్టాను,
కణుపు దాటలేదు.
పోతపోసినవాడి మట్టి అచ్చు ఏ పొద్దున జరిగిందో,
వంపు దగ్గర ఒక ఇనప గట్టు,
అడ్డంగా, ఇన్నేళ్ళుగా.

పక్కగదిలో నాన్న.
ముప్పై ఒక్క ఏళ్ళు పలకరాయి చీల్చాడు.
డాక్టరు కిటికీ తెరిచి ఉంచమన్నాడు,
అమ్మ తెరిచే ఉంచుతుంది, జనవరిలో కూడా.
సముద్రం మీది గాలంతా వచ్చి
ఆయన మంచం పక్కన నిలబడుతుంది,
లోపలికి వెళ్ళే దారి లేక.

ఆకురాయి తీసుకున్నాను.
అమ్మ లేచి వచ్చింది, ఏమీ అడగలేదు.
తడిగుడ్డ ఒకటి నా ముక్కుకీ నోటికీ చుట్టి
వెనక ముడి వేసింది,
జుట్టు లాగేంత గట్టిగా.
ముడి వేశాక కూడా
చేతులు కాసేపు అక్కడే ఉంచింది.

నాలుగు రాత్రులు గీశాను.
పాత చిన్న కార్బురేటరే మళ్ళీ బిగించాను.
ఇద్వల్ రెండ్రోజులు మాట్లాడలేదు.
ఏడు షిల్లింగుల ఇత్తడి ఇప్పుడు
షెడ్డు తలుపుకి అడ్డు.

ఆదివారం కారు ఎత్తెక్కింది. ఎగిరి కాదు,
మూలుగుతూనే, కానీ ఆగకుండా,
ఆ రాయి దాటి, గొర్రెల కంచె దాటి.

ఇంటికొచ్చేసరికి నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి.
మంచం మీంచి వినేశాడు.
"రెండో గేరు" అన్నాడు.
ఆగాడు. ఊపిరి కూడగట్టుకున్నాడు.
"వంపు దగ్గర..."
మళ్ళీ ఆగాడు.
"ఇంకొంచెం గీయాలి."