స్టాపు లేని మంగళవారం

ఆరేళ్లుగా ఆ గట్టును
అద్దంలోంచే ఎరుగుదును.
కుడిచేతి కిటికీలో కాసేపు,
వాన తుడిచే పుల్లల మధ్య కాసేపు,
యాంబుల్‌సైడ్ దాటగానే గొర్రె వీపులా లేచి
గ్రాస్‌మియర్ మలుపులో మాయమయ్యేది.
టికెట్టు తీసుకుంటూ ఒక ముసలాయన అన్నాడు:
"రోజూ దాని కాళ్ల దగ్గరే తిరుగుతావు,
ఒక్కసారి మెడ మీదికెక్కవేం?"
ఆ రోజు చిల్లర లెక్క తప్పింది.

మంగళవారం. నాకు సెలవు.
చీకటి పూర్తిగా విడవకముందే బయల్దేరాను.
సంచిలో నిన్నటి సర్వపిండి, రెండు నారింజలు,
ఫ్లాస్కులో అల్లం చాయ్,
డిపోలో బ్రెండా అరువిచ్చిన దిక్సూచి.
"వాడటం వచ్చా?" అంది.
వచ్చన్నాను.
ఉత్తరం ఎటో చూపిస్తుంది, అంతేగా.

లో పైక్ ఎక్కుతుంటే ఒక రాతిగోడ తోడొచ్చింది.
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయి మీద రాయి, ఎవరి బరువుతో వాళ్లే కూర్చున్నట్టు.
ఎవరో రోజుకు నాలుగు గజాల చొప్పున
కొండకు దీన్ని కుట్టుకుంటూ పోయుంటారు.
దాని మీద చెయ్యి వేసి నడిచాను,
బస్సెక్కే ముసలమ్మ కమ్మీ పట్టుకున్నట్టు.

అలవాటు చావదు.
లో పైక్ ఏడూ ఇరవై.
హై పైక్ ఎనిమిదికి అయిదు తక్కువ.
లేటా, ముందొచ్చానా?
అడిగేవాళ్లు లేరు.
వెనక సీట్లోంచి గంట నొక్కేవాళ్లు లేరు.
గడ్డి నములుతున్న గొర్రె ఒకటి తలెత్తి చూసి
ఇది తనెక్కాల్సింది కాదని
మళ్లీ తల దించుకుంది.

డవ్ క్రాగ్ దాటాక గోడ
చెప్పాపెట్టకుండా ఆగిపోయింది.
మబ్బు ఎక్కడినుంచీ రాలేదు,
ఉన్నచోటే పుట్టింది, పాలు విరిగినట్టు.
హార్ట్ క్రాగ్ రాళ్ల మీద
చేతులు కూడా కాళ్లయ్యాయి.

ఫెయిర్‌ఫీల్డ్ నెత్తి బల్లపరుపు.
అదే దాని మోసం.
ఎటు చూసినా రాళ్ల కుప్పలు,
ప్రతి కుప్పా ఇదే దారి అంటుంది.
ఒకచోట కూర్చుని నారింజ వొలుచుకు తిని
లేచి నడిచాను, చాలాసేపు, తిన్నగా,
అనుకున్నాను.
కాళ్ల దగ్గర నారింజ తొక్క కనబడింది.
ఎవడీ బుద్ధిలేనివాడు అని తిట్టబోయి
నా వేళ్లు వాసన చూసుకున్నాను.

అప్పుడు భయమేసింది.
పెద్ద భయం కాదు,
మెట్టు ఉందనుకుని వేసిన కాలికి
నేల తగలనప్పటి భయం.
ఉత్తరపు అంచు ఇక్కడే ఎక్కడో తెగిపోతుంది,
అటునుంచి గాలి బావిలోంచి వచ్చినట్టు వస్తోంది.
తొక్క జేబులో వేసుకున్నాను.
దిక్సూచి తీశాను.
సూది వణికి వణికి నిలబడింది.
చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది.

ఎందుకన్నానో తెలీదు, పైకే అన్నాను:
"తరువాతి స్టాపు, గ్రేట్ రిగ్."
ఆరేళ్లలో మొదటిసారి
తెలుగులో.
మబ్బుకేం అభ్యంతరం లేదు.
సూది తోక పట్టుకుని దక్షిణానికి నూరడుగులు.
ఆగి, మళ్లీ నూరు.

తెర ఎవరూ లాగలేదు, చిరిగింది.
హెరాన్ పైక్ మీద ఎండ,
కింద చెరువు, చెరువు పక్కన దారం లాంటి రోడ్డు,
దారం మీద అగ్గిపెట్టె,
నా రెండంతస్తుల బస్సు.
గారెత్ నడుపుతున్నాడు, నాలుగు నిమిషాలు లేటు.
పైనుంచి చూస్తే అసలు కదలడమే లేదు.
రెండో నారింజ తింటూ
వాడు మలుపు తిరిగేదాకా చూశాను.
తొక్కలు ఈసారి లెక్కపెట్టి తీసుకున్నాను.

నాబ్ స్కార్ దిగుడు మోకాళ్లతో పాత బాకీ.
రైడల్ దగ్గర రోడ్డు పక్కన నిలబడి
చెయ్యెత్తాను.
చెయ్యెత్తడం ఇంత బరువని తెలీదు.
గారెత్ తలుపు తెరిచి,
మొహం నుంచి బూట్ల దాకా చూసి, "ఎక్కడికి సార్?" అన్నాడు.
ఊరి పేరు వెంటనే నోటికి రాలేదు.

కూర్చున్నాను, ఎన్నడూ కూర్చోని ప్యాసింజరు సీట్లో.
జేబులో తొక్కలు.
నడవ పొడుగునా నా మట్టి అడుగులు.
రేపు మొదటి ట్రిప్పు నాదే,
ఊడ్చాల్సిందీ నేనే.
గ్రాస్‌మియర్ దాకా మాత్రం
ఊడ్చను.