పదిహేడో గంట

టెలిఫోన్ కంపెనీలో ముప్పై ఒక్కేళ్లు తీగలు లాగాను.
వల్పరైసో కొండల మీద ఏ స్తంభం చూసినా
చిక్కుపడ్డ జడే. అందులో ఏ పాయ ఎవరింటిదో
కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని.
రాగి ఇక పనికిరాదన్నారు,
దాంతోపాటు నన్నూ చుట్టచుట్టి పక్కన పెట్టారు.

ఇప్పుడు చేపల గదికి రాత్రి కాపలా.
నీళ్లు ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీలు. ఒక గీత తగ్గకూడదు.
జూలై మాకు నడి చలికాలం,
మా ఇంట్లో మనుషులకే ఇంత వెచ్చన లేదు.

గుడ్లు ఆవగింజంత. గాజులా లోపలంతా కనిపిస్తుంది.
డాక్టర్ ఇగ్నాసియా మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచి చూపించింది:
ముందొక పలక. పలక కుంగి కడ్డీ అవుతుంది,
కడ్డీ డొల్లబడి గొట్టం.
అందులోంచి ఒక కణం దారం వదులుతుంది.
దారం కొసన బుల్లి చెయ్యి,
వేళ్లు చాపి తడుముతుంది, రుచి చూస్తుంది,
ఇటు కాదని ముడుచుకుని అటు సాగుతుంది.
నిచ్చెన లేదు, పటం లేదు,
కింద నిలబడి కేకలేసే మేస్త్రీ లేడు.
"దానికి దారి ఎవరు చెప్పారు?"
"ఇరుగుపొరుగు" అంది.

మొన్న తెల్లవారుజామున మూడింటికి
పన్నెండో పళ్లెంలో ఒకటి తోక విదిల్చింది.
భూమి కంపించిందేమోనని వేలాడే దీపం వంక చూశాను,
ఈ ఊళ్లో పుట్టినవాడి చూపు ముందు అక్కడికే పోతుంది.
దీపం కదల్లేదు.
మళ్లీ విదిల్చింది. ఎవరూ తాకలేదు.
పుస్తకంలో రాశాను: పదిహేడో గంట.
మెదడుకింకా కబురే లేదు,
వెన్నులోనే ఎవరో లైను కలిపి
హలో, హలో అని చూసుకుంటున్నారు.
స్తంభమెక్కి నేనూ అలాగే అనేవాణ్ని,
అవతల ఎవరూ లేరని తెలిసీ.

ఇంకో నాలుగు గంటలకి వెంట్రుకతో తాకితే తప్పుకుంది.
ఆ తాకిడిని మోసే కణాలు వీపు పొడుగునా రెండు వరసలు.
అందరికంటే ముందొచ్చేవి అవే.
గుచ్చేదేదో నిమిరేదేదో తొలి వార్త అవే చేరవేస్తాయి.
తర్వాత కొత్తవి పుట్టి పని అందుకుంటాయట,
పాతవి ఒక్కొక్కటే కరిగిపోతాయట.

నేనేం మాట్లాడలేదు.
ఇగ్నాసియా నా మొహం చూసి గబగబా అంది:
"అన్నీ పోవు, దోన్ ఎలెయుతేరియో. కొన్ని మిగులుతాయి.
ఎన్నో ఇంకా లెక్క తేలలేదు."

లెక్కపెడదాం అన్నాను.
నా పాత లైన్ల పుస్తకంలో
వెనక చాలా పేజీలు ఖాళీ.