చెక్‌పోస్టు కాడ

ఎర్రచందనం ఉంటాదేమోనని
పెంచలమ్మ గోనెసంచి కుమ్మరిచ్చినా.
మన్ను వదలని మారేడు గడ్డలు రెండు,
చీరపేలికలో నల్లేరు కణుపులు,
సగం తిన్న సంగటి ముద్ద.

"ఇదేంది?" అన్నా, తెలిసే.
"మోకాలికి సారూ."
"ఎవరి మోకాలికి?"
నవ్వింది.
లంకమల దిగేటప్పుడు నేను కుంటేది
ఎప్పుడు చూసిందో!

రిజిస్టర్లో గడులు:
పేరు, సరుకు, బరువు, జరిమానా.
"గడ్డంతా పెరికినావా?"
"సగమే. మిగతాది దానికే ఇడిసి
మన్ను కప్పినా."

బరువు గడిలో సున్నా రాసినా.
పోతా పోతా నల్లేరు
బల్లమీద మరిచిపోయింది.

రాత్రి నూరి కట్టుకుంటే
ఒకటే దురద, మంట.
ముందు ఆముదం పూయాలని
పెంచలమ్మ చెప్పనే లేదు.

చెప్పిందేమో,
నేను లారీకి విజిలేస్తున్నప్పుడు.