పొయ్యికొక ఫారం

ట్రైనింగ్ పుస్తకంలో పదకొండో పేజీ:
ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు
ఒక కుటుంబం.
చుట్టరికం కాదు, పొయ్యి అడగాలి.

మక్తల్ నుంచి షేర్ ఆటో,
ఆటో ఆగినకాడి నుంచి శనగచేను గట్టు.
ట్యాబ్‌లో ఛార్జింగ్ నలభై ఒకటి.

మొగులమ్మ ఇంటికి ఒకటే తలుపు,
తలుపు మీద నీలం రంగుతో ఒకటే నంబరు.
లోపల మాత్రం
గోడవారన కట్టెల పొయ్యి, అత్తది.
రేకుల కింద గ్యాసు పొయ్యి, కోడలు కుర్మమ్మది.
ఎప్పట్నుంచి అని అడిగితే
"మొన్న పీర్ల పండుగప్పటి సంది" అంది అత్త.
"నిరుటి పీర్ల పండుగ" అంది కోడలు, అటు తిరిగి.
ఎందుకు అనే ప్రశ్న నా ఫారంలో లేదు.
ఉప్పు కాడ మొదలైందని పక్కింటామె చెప్పింది,
ఆమె మా శాంపిల్‌లో లేదు.

రెండు పొయ్యిలు, రెండు కుటుంబాలు, రెండు ఫారాలు.
ఫారానికి ఇంత అని నా లెక్క నాకుంది.
కొంచెం సంబరపడ్డాను, దాచడమెందుకు.

గడిచిన ముప్పై రోజుల్లో జొన్నలు ఎన్ని కిలోలమ్మా?
"కిలోలేంది బిడ్డా, కుండ జూస్కొని తింటం."
కంట్రోల్ బియ్యం?
"ఆరు. తూకం సంగతి నువ్వే రాస్కో."
కల్లు?
"రాయకు" అంది మొగులమ్మ,
వాకిలంతా వినబడేటట్టు.

కుర్మమ్మ దగ్గర లెక్కలు గట్టి:
రీచార్జి, షాంపూ పొట్లాలు, సంఘం కిస్తీ,
రూపాయితో సహా.
పెనిమిటి పుణెలో కంకర పనికి పోయి ఎనిమిది నెలలు.
ఆరు దాటితే పేరు కొట్టెయ్యాలి.
కొట్టేశాను.
ఆమె నా వేలినే చూసింది.
అక్కడ ఏ రేకుల షెడ్డులోనో
ఎవరన్నా అతన్ని రాసుకున్నారో లేదో.

అప్పుడు శివలీల వచ్చింది, రెండో తరగతి,
తల్లి పొయ్యి మీది పప్పు గిన్నె పట్టుకుని
ఒలకకుండా, అడుగులో అడుగు వేసి
వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు.
గిన్నె ఖాళీగా తిరిగి పోదు కదా,
జొన్నరొట్టె మడిచి అందులో పెట్టింది ముసలామె.
పొయ్యిలు రెండూ ఒకదాన్నొకటి చూడనట్టే ఉన్నాయి.

ఈ పిల్ల ఎవరి ఫారంలో?
సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే
"ఎక్కువ పూటలు ఎక్కడ తింటే అక్కడ" అన్నాడు.
పిల్లనే అడిగాను.
"పొద్దుగాల అవ్వ తాన.
రాత్రి అమ్మ తాన.
పగటీలి బడిల."

ఒకటి. ఒకటి. ఒకటి.

"కోడలి తాన రాయి బిడ్డా,
ఏమన్న ఒస్తే దానికే అక్కరకొస్తది" అంది అత్త.
"అత్త తాన్నే రాయుండ్రి,
ఒక్కతే అని రాస్తే ఏం బాగుంటది" అంది కోడలు.
ఏడాది తర్వాత ఒకే మాట మీద జగడం.
ఈ లెక్కతో ఎవరికీ ఏమీ రాదని
మూడుసార్లు చెప్పాను.
"మరి గింత ఎండల ఎందుకు దిరుగుతున్నవ్?"
దానికి పుస్తకంలో జవాబుంది,
నోటికే రాలేదు.

శివలీలను ఒకచోట రాశాను.
ఎక్కడన్నది చెప్పను.

లేస్తుంటే కూర్చోబెట్టారు.
రొట్టె అక్కడిది, పుంటికూర ఇక్కడిది.
కారం ఎక్కువై కళ్ళ నీళ్ళొచ్చాయి,
కారమే అనుకోండి.

ఫారంలో చివరి పేజీ:
బయటివాళ్ళకు పెట్టిన భోజనాలు, ఎన్ని?
అత్త ఫారంలో ఒకటి అని నొక్కాను.
కోడలి ఫారంలో ఒకటి అని నొక్కాను.

ఆ పూట దేశంలో ఒక భోజనం ఎక్కువైంది.
ఢిల్లీలో సగటు తీసేవాళ్ళు పట్టుకోలేదు.
ఎక్కడో దశాంశం తర్వాత ఆరో అంకెలో
ఇంకా వేడిగా ఉండే ఉంటుంది.

ఛార్జింగ్ పన్నెండు. ఇంకా ఏడు ఇళ్ళు.