పుడిసిలి

నిన్ను ముద్దు పెట్టుకున్న మొదటిరోజే
పెదాలకు ఉప్పు తగిలింది.
కిల్లీబెగ్స్ రేవులో పుట్టిన బిడ్డ కదా,
సముద్రపు గాలి అనుకున్నాను.
డాక్టరు కాగితం చూసి చెప్పాడు,
ఇది బయటి ఉప్పు కాదమ్మా, లోపలిది.

అప్పటినుంచీ ఫింటన్,
పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు
నా ఒళ్లో బోర్లా నువ్వు,
నీ వీపు మీద నా కుడి అరచెయ్యి.
చదునుగా కొడితే దెబ్బ అవుతుంది.
వేళ్లు దగ్గరికి చేర్చి, పుడిసిలి పట్టి,
అందులో గుక్కెడు గాలి దాచి కొట్టాలి.
టపటపా కాదు, డుబుడుబు.
జిగురు వదలాలి, కఫం పైకి రావాలి.
తొమ్మిదేళ్లు.
మీ నాన్న పడవ ఇంజనుకైనా మధ్యలో సెలవులున్నాయి.

అక్టోబరులో ఒక రాత్రి
నువ్వు ఇటు నుంచి అటు దొర్లుతుంటే
మోచెయ్యి నా రొమ్ముకు తగిలింది.
అబ్బా అన్నాను.
సారీ అన్నావు.
అక్కడొక గట్టి గింజ ఉందని
నాకంటే ముందు నీ మోచేతికే తెలిసింది.

ఫ్రిజ్ తలుపు మీద రెండు కాగితాలు.
నీ క్లినిక్ డబ్లిన్‌లో, మంగళవారం.
నా స్కాన్ గాల్వేలో, అదే మంగళవారం.
కారు ఒక్కటి. మీ నాన్న చేపల వెనక ఎక్కడో ఉత్తరాన.
నాది వాయిదా వేయించాను.
మూడు వారాలు.
ఆ మూడు వారాల సంగతి నీకెప్పుడూ చెప్పను.
ఇక్కడ రాసుకుంటున్నాను, అంతే.

కోసి తీశారు. చంకలో బిళ్లలు కూడా.
చెయ్యి భుజం దాకా లేవదు.
"ఈ చేత్తో రోజూ ఏం పని చేస్తారు?" అని నర్సు,
వంట, ఉద్యోగం అన్న గళ్లలో టిక్కు పెట్టడానికి పెన్ను పట్టుకుని.
ఊపిరాడిస్తాను అన్నాను.
ఆ గడి ఆమె కాగితంలో లేదు.

పక్కింటి అట్రాక్టా వచ్చింది.
నలభై ఏళ్లు పోస్టాఫీసులో ముద్రలు కొట్టిన చెయ్యి.
నీ వీపు మీదా అలాగే కొట్టింది,
డబ్. కాసేపాగి, డబ్.
"నన్నెక్కడికి పంపుతున్నావ్?" అని దిండులోంచి నువ్వు.
"స్టాంపు చాల్లేదు, ఎక్కడికీ పోవు" అని ఆవిడ.
నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే కఫం వచ్చింది.
గిన్నెలోకి తొంగిచూసి, ఆకుపచ్చ లేదు! అంది
లాటరీ తగిలినట్టు.
గుమ్మంలో నిలబడి నేనూ నవ్వాను.
చెయ్యి మాత్రం దానంతటదే
పుడిసిలి పట్టి ఉంది, ఖాళీగా.

కీమో మొదలయ్యాక
పది రోజులు నీ గదిలోకి వెళ్లొద్దన్నారు.
నీ ఊపిరితిత్తుల్లో కాపురమున్న పురుగు
నా రక్తానికి పడదట.
గోడకు చెవి ఆనించి పడుకుంటాను.
తడి దగ్గా, పొడి దగ్గా.
పొడి దగ్గయితే ఇక నిద్ర లేదు.

మొన్న తెల్లవారుజామున
బాత్రూమ్ నేల మీద బకెట్ పట్టుకుని కక్కుతున్నాను.
రావద్దన్న తలుపు తోసుకుని,
మాస్కు తిరగేసి పెట్టుకుని వచ్చావు.
ఏమీ అడగలేదు.
వేళ్లు దగ్గరికి చేర్చి
నా వీపు మీద కొట్టడం మొదలుపెట్టావు,
కింది నుంచి పైకి, ఎడమ, తర్వాత కుడి,
మధ్యలో వెన్నెముక వదిలేసి,
అచ్చం నేను కొట్టినట్టే.

వాంతికి అది పనిచెయ్యదురా.
చెప్పలేదు.
పైకే లెక్కపెడుతున్నావు,
నలభై ఏడు, నలభై ఎనిమిది,
నీకు ఆయాసం వస్తోంది, ఆపమని చెప్పాలి,
ఆపమని చెప్పాలి.
ఇంకో పది కానిద్దాం అనుకున్నాను.