ఏడో పేజీ

మా హాస్టల్ రూల్సు పన్నెండు పేజీలు.
రాత్రి డ్యూటీ వాణ్ణి, ఏడో పేజీ నాకు కంఠతా వచ్చు.

సేవ చేసే కుక్క ఎక్కడికైనా రావచ్చు,
లైబ్రరీకి, ల్యాబుకి, భోజనాల హాల్లో బల్ల కిందికి.
దాని మనిషిని నేను రెండే అడగాలి:
వైకల్యం వల్లే అవసరమా? ఏ పని నేర్పారు?
మూడో ప్రశ్న నాలుక మీదికి వచ్చినా మింగెయ్యాలి.

ఓదార్చే జంతువు సంగతి వేరు.
డాక్టరు ఉత్తరం, రూమ్మేటు సంతకం,
ఆపైన అది గడప దాటకూడదు.
సేవకి అన్ని తలుపులూ తీస్తాం,
తోడుకి ఒక్కటే.

మూడో అంతస్తు మారిట్ కుందేలు పేరు టర్నిప్.
దానికి నిజంగానే మూడు కాళ్లు.
ఫారంలో అలాగే రాసింది పాపం.
ఆఫీసు తిప్పి పంపింది: "సరిచూసుకోండి."
తాము పట్టిన కుందేలుకి నాలుగే కాళ్లనే మొండివాళ్లని
అక్కడే చూశాను.

ఫిబ్రవరి. డులూత్‌లో సరస్సు
గడ్డకడుతూ మూలిగే రాత్రి, మూడు గంటలప్పుడు
ఎవడో పేలాలు మాడ్చాడు.
అలారం.
నూట నలభై మంది పిల్లలు మంచులో, దుప్పట్లతో, ఒంటి చెప్పుతో.
మారిట్ కోటు కడుపు దగ్గర కదులుతోంది.
చూడనట్టు తలలు లెక్కపెట్టాను.

ఎమెరీ మోకాలికి ఆనుకుని హికరీ,
వాడికి మూర్ఛ రాబోతుంటే ముందే పసిగట్టే నల్ల కుక్క.
ఎర్ర జాకెట్ మీద: పనిలో ఉన్నాను, ముట్టుకోవద్దు.
కుందేలు వాసన మూరెడు దూరంలో ఉన్నా
ముక్కు తిప్పలేదు.

ఫైరింజను కూత దగ్గరయ్యేసరికి
మారిట్ మంచులో కూలబడింది.
ఊపిరి లోపలికి పోతోంది, బయటికి రావట్లేదు.

ఎమెరీ వంగి
జాకెట్ బకిల్ విప్పాడు.
"వెళ్లు" అన్నాడు, అంతే.

ఉత్త కుక్క అయిపోయింది హికరీ.
తోక ఊపుకుంటూ వెళ్లి
ఆ కోటు మీద గడ్డం ఆనించి పడుకుంది.
కాలరులోంచి ఒక చెవి లేచింది,
కాసేపటికి రెండోది.
అప్పుడు వదిలింది ఆ పిల్ల ఊపిరి, తెల్లగా, పొడుగ్గా.

ఆ కాసేపు ఎమెరీకి కాపలా లేదు.
జాకెట్ చేతిలో పట్టుకుని నా పక్కకి జరిగాడు.
నాకేం పని నేర్పారని వాడూ అడగలేదు.
భుజం ఇచ్చి నిలబడ్డాను.

పొద్దున రిపోర్టు రాశాను.
కారణం: పేలాలు. నష్టం: ఒక గిన్నె.
గది దాటిన జంతువులు అన్న గడిలో:
మంచు బాగా కురుస్తోంది, సరిగ్గా కనబడలేదు.