కబ్జాలు

మా రూము తలుపు ఒంగింది.
ఒక్కనాడు ఒంగలే.
తొమ్మిదిమంది తడి తువ్వాలలు, డ్యూటీ అంగీలు,
లింబాద్రి సద్దిసంచి,
అన్నీ దాని నెత్తిమీదనే ఆరేసినం.
మొలలు కొట్టొద్దని క్యాంపుబాసు రాసి అంటించిండు గద, గోడకు.
తలుపుకేం రాయలే.

సల్మాబాదుల ఎండకాలం
గాలికి గూడ చెమట వడ్తది.
ఉప్పు తాగి తాగి చెక్క ఉబ్బింది,
పై కబ్జా మరలు ఒక్కొక్కటే వదులై
కిందిమూల బండను గీకుడు వెట్టింది.
అర్ధచంద్రం లెక్క తెల్లటి గీత.
ఎడమచేత్తోని పిడి పైకి లేపాలె,
మోకాలుతోని కింద నూకాలె,
అప్పుడుగాని లోపలికి రానియ్యది.
కొత్తగ వచ్చినోనికి మొదటి పాఠం అదే,
ఖుబూసు కొనుడు తర్వాత.

నా కార్డుల 'క్లీనర్' అని ఉంటది.
వడ్ల బ్రహ్మయ్య కొడుకునని,
నడక రాకముందే బాడిశ పట్టుకున్ననని
నాలుగేండ్లు ఎవ్వరికి చెప్పలే.
చెప్తే రోజుకొకడు మంచంకాలు వట్టుకొని వస్తడు.

మా ఊర్ల కబ్జా అంటే భూమి.
ఎవడో కబ్జా వెట్టిండంటే గెట్టు జరిగినట్టు,
తాసీలు ఆఫీసు చుట్టు చెప్పులరిగినట్టు.
నాయన కాడ కబ్జా అంటే రెండు ఇనుప రెక్కలు,
నడుమ ఒక సీల.
"కదలనిది గట్టిగుంటెనే రా, కదిలేది కదుల్తది"
అనేటోడు బీడి ముట్టించుకుంట,
కాలిన పుల్లను పారెయ్యక
చెవిసందుల వెట్టుకునేటోడు.

శుక్రవారం.
తఫజ్జుల్ కాడ స్క్రూడ్రైవరు తెచ్చిన.
తలుపు కింద అట్టపెట్టె మడిచి దూర్చినం.
మరలు ఇప్పుతుంటె తుప్పు కారంపొడి లెక్క రాలింది,
బొక్కలు నోళ్లు తెరిచినయ్.
అందరం లైటర్ల మనుషులం, రూముల అగ్గిపెట్టె లేదు!
బకాలాల యాభై ఫిల్సులకు దొరికింది.
మందు తలలు చిదిమి, జిగురుల ముంచి
బొక్కకు మూడు పుల్లలు.
"పొడుగు మరలు తెద్దాం తియ్" అన్నడు భూమేశ్.
"పొడుగు మర పట్టనీకె ఆడ చెక్కేది?" అన్న.

ఆ రాత్రి తలుపును మంచానికి ఆనిచ్చి పండుకున్నం.
ఏసీ గాలంత వరండకు వోయింది,
ఎదురురూము నేపాలోళ్లు చాపలు తెచ్చుకొని
మా గాలిల వచ్చి పండుకున్నరు.

తెల్లారి బిగించిన.
ఒక్క వేలు వెట్టి తోస్తె
సప్పుడు లేకుంట వచ్చి చౌకట్ల కూసున్నది.
కొంచెంసేపు ఎవ్వరేమనలే.
ఇగ తీసుడు, ఏసుడు. తీసుడు, ఏసుడు.
"ఇరగ్గొడ్తరు, ఆగున్రి" అన్న,
నాకు సిగ్గయితుంటె.

రాత్రి మూడున్నరకు డ్యూటీ దిగి వచ్చిన లింబాద్రి,
పొద్దుగాల తనే పదిసార్లు తీసి ఏసినోడు,
ఎప్పటి లెక్కనే పిడి లేపి, మోకాలు వెట్టి నూకిండు.
తేలికైన తలుపు ఎంబడి తనూ వచ్చి
భూమేశ్ మీద వడ్డడు.
తిట్లు ఇని నేపాలోళ్లు లేచిండ్రు.

నెల దాటింది.
బండమీద గీత అట్లనే ఉన్నది,
తలుపు దాన్ని ముట్టది.
మా ఎడమచేతులే ఇంకా
లేని బరువును జరంత పైకి లేపుతున్నయి.

నా మంచం కింద మూడు మంచంకాళ్లున్నయి,
ఎవ్వరియో ఇంక అడగలే.